మూడు గంటల ఒగ్గు కథ, ఫైలు తెరిస్తే 55 నిమిషాలే

రాత్రి_రికార్డింగ్:
అన్నలూ, టెన్షన్‌లో ఉన్నా, కాస్త చూడండి. మొన్న మా ఊళ్లో మల్లన్న ఒగ్గు కథ చెప్పించారు. ఎనిమిది మైకులు పెట్టి ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశా, కథకుడికి ఒకటి, వంత వాళ్లకు రెండు, డోళ్లకు మూడు, తాళాలకు ఒకటి, జనం వైపు ఒకటి. అన్నీ కలిపి ఒకే వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మూడు గంటలూ మధ్యలో ఆపలేదు. ఫోల్డర్‌లో 11.6 జీబీ చూపిస్తోంది, తెరిస్తే మాత్రం 55 నిమిషాల దగ్గర అయిపోతోంది. మిగతాది పోయినట్టేనా? వాళ్లను పిలిచి మళ్లీ చెప్పించడం నా వల్ల కాదు.

స్టీరియో_మామ:
ముందు ఎంపీ3లోకి మార్చి చూడు తమ్ముడూ, సైజు తగ్గుతుంది.

కేబుల్_చుట్ట:
మార్చినా ఆ 55 నిమిషాలే మారతాయి మామా. తమ్ముడూ, 11.6 జీబీ ఉందంటే ఆడియో పోలేదు. వేవ్ ఫైలు మొదట్లో డేటా ఎంతుందో రాసే చోటు 32 బిట్‌లే, అందులో 4 జీబీకి మించిన అంకె పట్టదు. పాత స్కూటర్ మీటర్ 99999 దాటాక మళ్లీ సున్నా నుంచి తిరిగినట్టే ఇదీనూ. నీ ఎనిమిది ఛానెళ్లకు సెకనుకు 11,52,000 బైట్లు, అంటే 62 నిమిషాలకోసారి మీటర్ సున్నాకొస్తుంది, రెండుసార్లు తిరిగాక మిగిలింది ఆ 55. లెక్క సరిపోయింది కదా!

ముందు ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టు, అసలు ఫైలు మీద ఏమీ సేవ్ చేయకు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే దాని ఫార్మాట్ ఫ్యాట్32 అయి ఉంటుంది, దానిలోనూ 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసుకో. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్‌లో రా డేటా అని ఉంటుంది, అది ఫైలు మొదట్లో రాసింది పట్టించుకోదు. సైన్డ్ 24 బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, 8 ఛానెళ్లు, 48000, స్టార్ట్ ఆఫ్‌సెట్ 44 ఇవ్వు, అంటే మొదటి 44 బైట్లు వదిలేసి చదవమని. డిస్క్‌లో 20 జీబీ అయినా ఖాళీ ఉండాలి.

డోలు_దెబ్బ:
ఈసారి నుంచి ఎనిమిదీ ఒకే ఫైలులో పెట్టకు, మైకుకో మోనో ట్రాక్ పెట్టు, ఒక్కో ఫైలుకు 8 గంటలు దాటితే గానీ 4 జీబీ కాదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడితే వేవ్ సెట్టింగ్‌లోనే పెద్ద ఫైళ్లకు ఆర్ఎఫ్64 అనే ఫార్మాట్ ఎంచుకోవచ్చు, సైజు రాసే చోటు అందులో 64 బిట్‌లు. 96 కిలోహెర్ట్జ్ పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు, వినకు. డోలుకి అదెందుకు, ఫైలు రెట్టింపవడం తప్ప.

రాత్రి_రికార్డింగ్:
వచ్చింది అన్నా! ఆఫ్‌సెట్ మొదట సున్నా వదిలేశా, చెవులు చిల్లులు పడేలా గరగర, గుండె ఆగినంత పనైంది. 44 పెట్టగానే కథకుడి గొంతు వినబడింది, మంగళహారతి దాకా ఉంది. కాకపోతే మూడో డోలు మైకు చివరి అరగంట మూగగా ఉంది, కేబుల్ ఎవరి కాలికో తగిలినట్టుంది. దానికి ఏ ఆఫ్‌సెట్ ఇవ్వాలో చెప్పకండి 😅