బయోమెడికల్ వేస్ట్ బరువులు కలవట్లేదు, ఆర్‌సీఏలో (మూలకారణం రిపోర్టులో) ఏం రాయాలి?

క్వాలిటీ_గాజువాక
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ దీని మీదే కూర్చున్నా, బుర్ర పనిచెయ్యడం లేదు. మాది గాజువాక వైపు చిన్న ఆసుపత్రి. మా వేస్ట్ రిజిస్టర్‌కీ, ట్రీట్‌మెంట్ ప్లాంటు వాళ్ల స్లిప్పులకీ పొంతన లేదు. ఏ రంగు కవర్లో, డబ్బాలో ఏది వెయ్యాలో సిస్టర్లని అడిగితే గడగడా అప్పజెప్పేస్తున్నారు: కాటన్, డ్రెస్సింగు ఎల్లో, సెలైన్ సెట్లు, గ్లవ్స్ రెడ్, సూదులు వైట్, గాజు బ్లూ. ఆర్‌సీఏలో 'సిబ్బందికి అవగాహన లోపం, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం' అని రాస్తే మెడికల్ సూపరింటెండెంట్ గారు వెనక్కి పంపేశారు. ఇంకేం రాయాలండీ? రేపు పొద్దున్నే మీటింగ్.

ఎండాడ_ఆడిటర్
ఏ రంగు ఎక్కువ, ఏది తక్కువ? ఎవరు తూస్తారు, ఎక్కడ?

పాతఫైళ్లు
చూడు బాబూ, 1998 రూల్స్‌లో నల్ల సంచి కూడా ఉండేది. 2016లో కొత్త రూల్స్ వచ్చాక పోయింది. ఇప్పటి పిల్లలకి ఆ చరిత్ర తెలీదు. ఇంకోటి, ఎల్లోలో వేసే రక్తం అంటిన కాటన్, డ్రెస్సింగు లాంటి వేస్ట్ 48 గంటలు దాటి ఉంచకూడదు. ఆదివారం బండి రాకపోతే ఏం చేస్తున్నారు? ముందు అది సరిచూసుకో. ఫైవ్ వైస్, అంటే 'ఎందుకు?' అని ఐదుసార్లు, వేసుకుంటూ పో, కారణం అదే దొరుకుతుంది.

ఎండాడ_ఆడిటర్
ఆయన అడిగింది బరువుల గురించి.

సీతమ్మధార_మేడం
ఫైవ్ వైస్‌తో ఒకటే దారిలో పోతాం మాస్టారూ. ఎవరో ఒక స్టాఫ్ నర్సు దగ్గర ఆగుతుంది. ఫిష్‌బోన్ (కారణాలన్నీ చేపముల్లులా విడదీసే బొమ్మ) గీస్తే మనిషి, సామాను, పద్ధతి అన్నీ బయటపడతాయి.

పాతఫైళ్లు
అదీ ఇదీ ఒకటేనమ్మా. ఎలా వాడతామన్నది ముఖ్యం.

సీతమ్మధార_మేడం
ఒకటి కాదండీ. సరే వదిలేయండి. క్వాలిటీ గారూ, అందరూ రంగులు కరెక్టుగా చెబుతున్నారని మీరే రాశారు, కింద అవగాహన లోపం అనీ మీరే రాశారు. రెండూ ఎలా నిజమవుతాయి? మీ ఎమ్మెస్ గారు అక్కడే పట్టుకుని ఉంటారు.

క్వాలిటీ_గాజువాక
అది పాయింటే. ఎండాడ గారూ, ప్లాంటు స్లిప్పులో ఎల్లో ఎక్కువ, రెడ్ తక్కువ. మాది వార్డులోనే తూచి రాస్తారు, వాళ్లు బండి దగ్గర బార్‌కోడ్ స్కాన్ చేసి తూస్తారు.

ఎండాడ_ఆడిటర్
ఇది మొదటే చెప్పాలి. నెల మొత్తం కలిపితే?

క్వాలిటీ_గాజువాక
ఇప్పుడే కూడి చూశా. మొత్తం దాదాపు సరిపోతోంది.

ఎండాడ_ఆడిటర్
అయితే ఏదీ బయటికి పోలేదు. రెడ్ ఒక్కటే తగ్గి, మొత్తం కూడా తగ్గి ఉంటే ప్లాస్టిక్ ఎవరైనా అమ్ముకుంటున్నారేమో అని భయపడాలి, సిరంజిలు మళ్లీ సంతలోకి వస్తాయి. ఇక్కడ రంగు మారిందంతే. ఏ షిఫ్టులో తేడా వస్తోందో విడదీసి చూడండి.

నైట్_సిస్టర్
నేను వేరే ఆసుపత్రి, ఊరు ఇదే. చెప్తే కోప్పడకండి. మా దగ్గర రాత్రి రెడ్ కవర్లు అయిపోతే సెలైన్ సెట్లు ఎల్లో కవర్లో వేసేస్తాం. రిజిస్టర్లో మాత్రం రెడ్ అనే రాస్తాం, రాయాల్సింది అదే కదా! అర్ధరాత్రి స్టోరు ఎవరు తెరుస్తారండీ? ట్రైనింగ్‌లో మాత్రం మాకే క్లాసు పీకుతారు.

పాతఫైళ్లు
ఎల్లో కవర్లో పడిన ప్లాస్టిక్ ఇన్సినరేటర్‌కి (కాల్చే కొలిమికి) పోతే డయాక్సిన్లు (విష రసాయనాలు) వస్తాయి! ఇది చాలా తీవ్రమైన నాన్‌కంప్లయన్స్.

సీతమ్మధార_మేడం
తీవ్రమే. కానీ సిస్టర్ని మళ్లీ క్లాసులో కూర్చోబెడితే స్టోర్లో కవర్లు పుట్టుకొస్తాయా?

ఎండాడ_ఆడిటర్
ఆవిడది ఆవిడ ఆసుపత్రి. మీదీ అదేనని తేల్చెయ్యకండి. స్టోర్ ఇండెంట్లు (కవర్లు కావాలని వార్డు రాసిన చీటీలు), తేడా వచ్చిన తేదీలు పక్కపక్కన పెట్టండి. కవర్లున్న రోజుల్లో కూడా తేడా ఉంటే ఈ కథ తప్పు.

పాతఫైళ్లు
బ్లడ్ బ్యాగులు కూడా చూడమను. ప్లాస్టికే కదా అని రెడ్‌లో రాసేస్తారు, కానీ అవి ఎల్లో.

క్వాలిటీ_గాజువాక
ఇండెంట్ బుక్ స్టోర్ వాళ్ల దగ్గరుంది, వాళ్లు వెళ్లిపోయారు. పొద్దున్న చూస్తా. థాంక్సండీ.

కొత్త_మెంబర్
ఫారం 4 (ఏటా పంపే వేస్ట్ రిపోర్టు) ఎక్సెల్ ఎవరి దగ్గరైనా ఉందా అండీ? జూన్ 30 గడువు వచ్చేస్తోంది.