ముప్పై మంది పిల్లలు, ఒకే గోడబొమ్మ: కొలతల నియమం ముందే ఇవ్వాలా?

రంగులపెట్టె:
ఇవ్వాలనే అంటాను. తలా ఒక 20 సెం.మీ. చదరపు డ్రాయింగ్ షీటు, వరసకి 6 చొప్పున 5 వరసలు. నాలుగు అంచుల్లోనూ సరిగ్గా మధ్యన, అంటే 10 సెం.మీ. దగ్గర, చుక్క పెట్టించండి. రెండు ఎదురు మూలలు కేంద్రాలుగా 10 సెం.మీ. వ్యాసార్ధంతో పావు వృత్తాలు గీయిస్తే ఆ చుక్కలు కలుస్తాయి. ముక్కని ఎటు తిప్పి పెట్టినా గీత పక్కముక్కలోకి సాగిపోతుంది. చదరాలు తిప్పి అల్లికలు పుట్టించడం గురించి త్రూషే అనే ఫ్రెంచి పండితుడు 1704లోనే రాశాడు. పావు వృత్తాలు ఆ ఆలోచనకి తర్వాత వచ్చిన రూపం.

వేలిముద్ర:
అలా చేస్తే పిల్లలకి మిగిలేది చుక్కలు కలపడమే. ముందు వాళ్ల గుర్తులు రానివ్వండి.

చతురస్రం:
గుర్తుకి చోటుంది కదా! గీత ఒక సెంటీమీటరు మందం ఉన్నా, రెండు వృత్తాల నడుమ ఐమూలగా 7 సెం.మీ. పైనే ఖాళీ ఉంటుంది. 6 సెం.మీ. గుర్తు అందులో హాయిగా పడుతుంది. కాకపోతే "మీ ఇష్టం" అని వదిలేస్తే నక్షత్రాలూ హృదయాలే వస్తాయి. "రోజూ నీకు వినిపించే ఒక చప్పుడుకి గుర్తు గీయి" అనండి, మూడు గీతలు దాటకూడదనండి. ఎందుకంటే పక్కవాళ్లు దాన్ని చూసి వేయాలి: ఎడమపక్క వాళ్ల గుర్తుని ప్రతి ఒక్కరూ తన పావు వృత్తాల లోపల చిన్నచిన్నగా నింపాలి. వరసలో మొదటివాళ్లు చివరివాళ్లది తీసుకుంటారు. ఇది లేకపోతే అది ముప్పై విడి బొమ్మలు అంటించిన అట్టే.

వేలిముద్ర:
ఈ ఇచ్చిపుచ్చుకోవడం నచ్చింది. కానీ గుర్తు వేశాక ముక్క తిప్పితే అది తలకిందులవుతుంది, గీసిన బిడ్డ చిన్నబుచ్చుకుంటుంది. కాబట్టి వృత్తాలు మాత్రమే గీసిన ముక్కల్ని నేల మీద పరిచి, అందరూ ఒప్పుకునేదాకా తిప్పనివ్వండి. వెనక అంకె, పైకి బాణం వేయించి, ఆ తర్వాతే గుర్తులు.

రంగులపెట్టె:
సరే, ఆ వరసక్రమం నాదానికంటే మేలు. కత్తిరింపు మాత్రం పెద్దవాళ్లే చేయాలి. ముక్కకి 2 మి.మీ. తగ్గినా వరస చివరికి 12 మి.మీ. తేడా వస్తుంది. చిన్నవాళ్ల చేతిలో వృత్తలేఖిని జారుతుంది, అట్టతో కోసిన పావు వృత్తం ఇవ్వండి. పల్చటి కాగితం మీద నీటిరంగులు వద్దు, అంచులు లేస్తాయి. మైనపు క్రేయాన్లు చాలు. టేపు వెనకనుంచి వేస్తారుగా, అప్పుడు ముక్కలు బోర్లా ఉంటాయి: 1వ అంకె కుడివైపుకి వస్తుంది. అది మర్చిపోతే ప్రతి వరసా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.