అమ్మాయిల నెలసరి తేదీలు కోచ్‌కు ఇవ్వాలా?

ప్రశ్న (ఫిట్‌నెస్ ట్రైనర్):
అందరి నెలసరి తేదీలూ ఒకే షీట్‌లో రాయించి, దాన్నిబట్టి ప్రాక్టీసు మారుద్దామని మా జట్టు కోచ్ అంటున్నారు. కొందరు మైనర్లు. ఏం అడగొచ్చు? ఎవరు చూడొచ్చు?

జవాబు (క్రీడా వైద్యురాలు):
తేదీ చూసి ప్రాక్టీసు తగ్గించడానికి ఆధారం బలహీనం. 2020లో వెలువడిన సమీక్షలో, నెలసరి తొలి రోజుల్లో పనితీరు సగటున తగ్గేది అతి స్వల్పమనీ, ఫలితాలు అధ్యయనానికో రకంగా ఉన్నాయనీ తేలింది. పైగా అండం విడుదలైందో లేదో క్యాలెండర్ చెప్పదు. దానికి మూత్రంలో ఎల్‌హెచ్ (అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్), ఆ తర్వాత రక్తంలో ప్రొజెస్టెరాన్ (విడుదలయ్యాక పెరిగే హార్మోన్) పరీక్షలు కావాలి.

అసలు పట్టుకోవాల్సింది నెలసరి ఆగిపోవడాన్ని. వరసగా మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలుకాకపోయినా డాక్టర్ చూడాల్సిందే. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముక పలచబడుతుంది, స్ట్రెస్ ఫ్రాక్చర్లు (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగుళ్లు) వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) 2014లో రెడ్-ఎస్ (క్రీడాకారుల్లో శక్తి లోటు) అని పేరు పెట్టిన స్థితిలో నెలసరి ఆగడం ఒక ముఖ్య లక్షణం. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు నెలనెలా రక్తస్రావమైనా అంతా బాగుందనుకోకండి. అది మాత్రలకు విరామం ఇచ్చినందుకు వచ్చేది, లోపలి సమస్యను కప్పేస్తుంది.

జవాబు (డేటా భద్రత చూసే వ్యక్తి):
షీట్ మాత్రం వద్దే వద్దు. మూడు నెలలకోసారి డాక్టరే విడిగా అడగాలి: చివరిసారి ఎప్పుడు, ఏడాదిలో ఎన్నిసార్లు, హార్మోన్ మందులున్నాయా? కోచ్‌కు చేరాల్సింది "ఈ వారం పరుగు తగ్గించండి" అన్న మాటే, కారణం కాదు. తేదీలు బయటపడితే గర్భం, గర్భస్రావం కూడా ఊహించేస్తారు. అమెరికాలోని ఫ్లోరిడా హైస్కూల్ క్రీడా సంఘం ఇలాంటి అభ్యంతరాల మధ్యే 2023లో తన ఫారంలోంచి నెలసరి ప్రశ్నలు తీసేసింది.

ప్రశ్న అడిగినవారు:
సంతకం తీసుకుంటే సరిపోదా?

జవాబు (డేటా భద్రత చూసే వ్యక్తి):
జట్టును ఎంపిక చేసేవారే సంతకం అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? సమ్మతి డాక్టర్ తీసుకోవాలి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో కోచ్‌కు తెలియనేకూడదు. మైనరైతే తల్లిదండ్రులతోపాటు ఆ అమ్మాయీ ఒప్పుకోవాలి, ఎప్పుడైనా మానుకునే వీలుండాలి.

జవాబు (స్ట్రెంగ్త్ కోచ్):
రాసుకోవడమే దండగని మాత్రం అనను. 2019 ప్రపంచకప్‌లో అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు ఒక్కొక్కరి లక్షణాలను బట్టి తిండి, నిద్ర సర్దింది. నొప్పి, నిద్ర, రక్తస్రావం ఎంత అన్నవి అమ్మాయే తన దగ్గర రాసుకుంటే రెండు మూడు నెలల్లో తన తీరు తనకు అర్థమవుతుంది. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తుంటే డాక్టర్‌కు చూపించి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించండి.