నాట్2 జీన్ 8వ క్రోమోజోమ్ మీద ఉందని ఎలా తేల్చారు?

ప్రశ్న:
ఎమ్మెస్సీ సెమినార్‌కి క్యాన్సర్ రిస్క్‌తో లింకున్న ఎంజైమ్ జీన్లు తీసుకున్నానండీ. జీఎస్‌టీఎం1 1వ క్రోమోజోమ్ మీద, నాట్2 8వ దాని మీద అని బుక్‌లో ఉంది, కానీ అప్పటికి జీనోమ్ మొత్తం చదవలేదు కదా, మరి ఎలా పట్టుకున్నారు?

రిప్లై 1:
మనిషి కణాన్ని ఎలుక కణంతో కలిపేసేవాళ్లండీ. ఆ హైబ్రిడ్ కణాలు పెరిగే కొద్దీ మనిషి క్రోమోజోములు ఒక్కొక్కటే రాలిపోతాయి, ఒక్కో లైన్‌లో (ఒకే కణం నుంచి పెంచిన కణాల గుంపులో) ఒక్కో రకంగా కొన్నే మిగులుతాయి, అప్పుడు ప్రతి లైన్ డీఎన్ఏనీ సదరన్ బ్లాట్ (ప్రోబ్ అనే గుర్తుపట్టే డీఎన్ఏ ముక్కతో జీన్‌ని వెతికే పద్ధతి, దొరికితే బ్యాండ్ అంటే గీత కనిపిస్తుంది) చేసి, 8వ క్రోమోజోమ్ ఉన్నచోటల్లా బ్యాండ్ వచ్చి లేనిచోట రాకపోతే జీన్ అక్కడున్నట్టే. జీఎస్‌టీఎం1 పక్కనే దాని పోలికలో ఉన్న జీన్లు ఇంకో నాలుగున్నాయి, ఒకే ప్రోబ్‌కి చాలా బ్యాండ్లొస్తాయి, బ్లాట్ చూపిస్తే ఇది తప్పక చెప్పండి.

రిప్లై 2:
నాట్2 స్లోగా పనిచేసేవాళ్లకి రంగుల ఫ్యాక్టరీల్లోని ఆరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు, సిగరెట్ పొగ వల్ల మూత్రాశయ క్యాన్సర్ రిస్క్ ఎక్కువ. టీబీ మందు ఐసోనియాజిడ్‌ని అరగదీసేది కూడా ఇదే ఎంజైమ్. మా నాన్నకి ఆ మందు వాడినప్పుడు అరికాళ్లు తిమ్మిర్లెక్కి చెప్పులు జారిపోయినా తెలిసేది కాదు, బీ6 మాత్ర మొదలెట్టాకే తగ్గింది.

ప్రశ్న అడిగినవాళ్లు:
థ్యాంక్సండీ. మరి జీఎస్‌టీఎం1 అసలు లేనివాళ్లకి క్యాన్సర్ ఖాయమా?

రిప్లై 1:
అయ్యో, కాదు. యూరప్ వాళ్లలో దాదాపు సగం మందికి ఆ జీనే లేదు. రిస్క్ కొంచెం పెరుగుతుందంతే, రొమ్ము క్యాన్సర్ రిస్క్ బాగా పెంచే బీఆర్‌సీఏ1 జీన్ లోపం లాంటిది కాదు.