వంటింటి కిటికీకి తెరా, పరదానా, కర్టెనా?

పోయిన ఆదివారం వంటింటి కిటికీకి బట్ట కొనడానికి వెళ్లాను. అమ్మ రాసిచ్చిన చీటీలో 'వంటింటి తెర 1, పొడవు మూరన్నర' అని ఉంది. కొట్టులో కుర్రాడు దాన్ని రెండుసార్లు చదివి, "తెర అంటే ప్రొజెక్టర్‌కా సార్?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ వాడి తప్పేం లేదు. వెండితెర, బుల్లితెర, తెరవెనక రాజకీయం అని రోజూ వింటాం. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టుకునేదీ అడ్డుతెరే, దాన్ని కర్టెన్ అన్నవాళ్లని నేను చూడలేదు. ఇంట్లో కిటికీ దగ్గరికి వచ్చేసరికే ఆ మాట నోటికి రాదు.

అసలు నా సందేహం ఇది. పక్కకి తెరుస్తాం కాబట్టి తెర అయిందని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పేవారు. నిజమేనా? మీ ఇళ్లలో దీన్ని ఏమంటారు?

తిరుపతి నుంచి:
మాస్టారి మాట వినడానికి బాగుంది గానీ కుదరదండీ. తెరుచు అన్నది పాత రాతలో తెఱచు, అందులో ఉన్నది బండి ఱ. తెరలో ఉన్నది మామూలు ర. మనం ఆ తేడా వదిలేశాం గానీ తమిళంలో రాతలో ఇప్పటికీ ఉంది. తెరవడానికి 'తిఱ', కర్టెన్‌కి 'తిరై'. ఈ తిరైకి అల అనే అర్థం కూడా ఉంది. మన తెరకీ ఉంది. అది పద్యాల్లోనే మిగిలిందనుకోకండి, "దగ్గు తెరలు తెరలుగా వస్తోంది" అంటాం కదా, ఆ తెరలు అలలే. గాలి వీచినప్పుడు మీ కిటికీ బట్ట వంక ఒకసారి చూడండి, అల కనిపిస్తుంది.

నిజామాబాద్ నుంచి:
మా దిక్కు పర్దా అంటరు. ఫారసీ మాట. కానీ అది తలుపుకు ఏసేది. మా నాయనమ్మ వంటింట్ల కిటికీకి ఏమీ ఉండకపోయేది, కట్టెల పొయ్యి, పొగ పోవాలె గద! ముందర వరండాకు వెదురు చిక్కులు, అంటే సన్నటి వెదురు పుల్లల తెరలు, ఉండేవి. ఎండకాలం వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేది. గ్యాస్ వచ్చినంకనే వంటింటికి పర్దా వచ్చింది.

చెన్నై నుంచి:
ఇక్కడ 'స్క్రీన్ బట్ట' అంటేనే కొట్టువాడు కర్టెన్ చూపిస్తాడు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడూ స్క్రీనే. మీ కుర్రాడికి తెర అంటే ప్రొజెక్టర్, మా కొట్టువాడికి స్క్రీన్ అంటే కర్టెన్. లెక్క సరిపోయింది.

కాకినాడ నుంచి:
మాట సంగతి సరే తమ్ముడూ, ఏం బట్ట తీసుకున్నావు? పాలిస్టర్ అయితే వెనక్కి ఇచ్చెయ్. మా ఇంట్లో పొయ్యి పక్కనే కిటికీ. ఓ రోజు పుల్కాలు కాలుస్తుంటే గాలికి కర్టెన్ ఎగిరి మంట మీద పడింది. అంచు కరిగి నల్లటి ముద్దై గోడకి అంటుకుపోయింది, చాకుతో గీకినా మచ్చ పోలేదు. నూలు బట్ట కూడా అంటుకుంటుంది, కాకపోతే ఇలా కరిగి అంటుకుపోదు. ఏదైనా పొయ్యికి దూరంగా ఉండాలి.

తర్వాత బ్లైండ్స్ పెట్టించాం. చూడ్డానికి భలే ఉంటాయి. తాళింపు జిడ్డు ఒక్కో పట్టీ మీదా పేరుకుంటే అప్పుడు తెలుస్తుంది వాటి అందం! ఇప్పుడు పెడన అద్దకం గుడ్డతో కిటికీ కింది సగానికే కుట్టించాను. పై సగంలోంచి వెలుతురు, కింద ఎదురింటివాళ్ల చూపుకి మరుగు. రెండు జతలు ఉంచుకో, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి. మేకులు కొట్టకు, స్ప్రింగ్ రాడ్ చాలు. ఎండకి రంగు వెలుస్తుంది, వెనక తెల్ల లైనింగ్ వేయించు.

మళ్లీ నేను:
అక్కా, తీసుకున్నది నూలుదే. మూరన్నర ఎందుకో ఇప్పుడు అర్థమైంది, అమ్మ అడిగింది కూడా సగం కిటికీకే.

ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. బండి ఱ దాకా ఓపిగ్గా విని, "ఎసరు తెర్లుతోంది, ముందు బియ్యం వెయ్యి" అంది.

తిరుపతి పెద్దాయనా, పొయ్యి మీద తెర్లే నీళ్లకీ మీ అల తెరకీ చుట్టరికం ఉందంటారా?