ఇంటి నుంచి పని రద్దయింది: కాజీపేట నుంచి రోజూ రైలులో వెళ్లివచ్చేవారు చెప్పగలరా?

హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నాది. పక్షవాతం వచ్చిన మా అత్తయ్యను చూసుకోవాలని, ప్రత్యేక అనుమతితో హనుమకొండ ఇంటి నుంచే పనిచేస్తూ వచ్చాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అందరూ కార్యాలయానికి రావలసిందేనని ఉత్తర్వు వచ్చింది. ఫైలు ఎక్కడి నుంచి కదిలితేనేం అంటే వినేవారెవరు!

మకాం మార్చలేను, అబ్బాయి పదో తరగతి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాదాపు 132 కిలోమీటర్లు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు కాబట్టి దూరం అడ్డు కాదు. సూపర్‌ఫాస్ట్ రైలుకు అదనపు రుసుము కట్టాలనీ తెలుసు. కానీ ఉదయం తొమ్మిదిన్నరకల్లా కార్యాలయంలో నా సీట్లో కూర్చునేలా, నమ్మకంగా చేర్చే రైలు ఏది? సాయంత్రం మహిళల పెట్టెలో నిలబడటానికైనా చోటుంటుందా? హెడ్‌క్వార్టర్స్ (ఉద్యోగం ఉన్న ఊరు) వెలుపల నివాసానికి అనుమతి ఎలా తెచ్చుకున్నారు?

ఇంకో దారి చైల్డ్ కేర్ లీవు, అంటే పిల్లల సంరక్షణ సెలవు. సర్వీసు మొత్తంలో 730 రోజులు, మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాత 80 శాతం. అది హక్కుగా అడిగేది కాదని మా అధికారి ముందే హెచ్చరించారు. పిల్లల పదో తరగతి కారణంగా ఎవరికైనా మంజూరైందా? దరఖాస్తుకు ఏ పత్రాలు జతచేశారు?