పాత పాట వినపడదు, కొత్త పాట చెవి పగలగొడుతుంది. రెండూ సమం చేసేదెలా?

రోజూ ఉదయం 7.40కి గుంటూరులో విజయవాడ బస్సు ఎక్కుతాను. దిగేదాకా పాటలే. మెమరీ కార్డులో 1,100 దాకా ఎంపీ3లు, పాతవీ కొత్తవీ కలిపి షఫుల్‌లో పెడతాను. ఘంటసాల పాట వస్తే బస్సు మోతలో వినపడక వాల్యూమ్ 15కి 13 పెట్టాలి. వెంటనే ఈమధ్య సినిమా పాట మొదలైతే గుండె జారిపోతుంది, గబగబా 6కి తగ్గించాలి. మంగళగిరి వచ్చేలోపు కనీసం పదిసార్లు ఇదే పని.

ముందు ప్లేయర్‌లో రీప్లేగెయిన్ (పాటలన్నిటి వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్) ఆన్ చేశాను. మార్పేం లేదు. ఏ పాట వాల్యూమ్ ఎంత మార్చాలో దానికి చెప్పే ట్యాగులే నా ఫైళ్లలో లేవని తర్వాత తెలిసింది. ఈక్వలైజర్‌లో పెంచితే అన్నీ కలిసే పెరిగాయి. మొన్న ఆదివారం కంప్యూటర్‌లో ఎంపీ3గెయిన్ అనే వాల్యూమ్ మార్చే సాఫ్ట్‌వేర్‌తో, ట్రాక్ మోడ్‌లో (ఏ పాటకాపాట విడిగా), అన్నిటినీ 89 డెసిబెల్స్‌కి తెచ్చాను. కొత్తవి దారికొచ్చాయి. పాతవాటిలో 60 మాత్రం మొండికేశాయి: చరణం మధ్యలో గొంతు తగ్గించి పాడే చోట ఏమీ వినపడదు. 92కి పెంచితే పల్లవి ఎత్తుకునేచోట గరగరమంటోంది. ఇవన్నీ మా నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించిన మోనో ఫైళ్లు, 128 కేబీపీఎస్. వెనక టేపు బుసబుస ఎలాగూ ఉంది, దానికి అలవాటుపడ్డాను.

ఇయర్‌ఫోన్స్ మార్చమనకండి, వైర్‌వీ బ్లూటూత్‌వీ రెండూ చూశాను, తేడా లేదు.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్ (పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ తేడా తగ్గించేది) వాడితే కుదురుతుందని ఒకరన్నారు. ఇలాంటి క్యాసెట్ పాటలకు, బుస మరీ పైకి రాకుండా, థ్రెషోల్డ్ (ఎంత శబ్దం దాటితే తగ్గించాలో), రేషియో (ఎంత మేర తగ్గించాలో) ఎంతెంత పెట్టాలి?